తుడవని తొమ్మిది రోజులు

గేటు దాటేదాకా బావ బతికే ఉన్నాడు. తర్వాత కాగితాల మీద ఎవరేం రాసుకున్నా, నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇంకా వెలుగు తగ్గని సాయంత్రం. ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా మా కాలనీ చదువుల గది ఉంది. దాని మేడ మీద గాలి కొలిచే యంత్రం ఉంటుంది. నేను దాని దగ్గర నిలబడి ఉన్నాను. లోపల ఫర్నేసు మూతి దగ్గర బావ దగ్గుతూ దగ్గుతూ మోకాళ్ళ మీద కూలాడు. నోట్లోంచి వచ్చిన నెత్తురు వేడి నేల మీద పడి ఆవిరైంది. కాంట్రాక్టరు గేటు వైపు చెయ్యి చూపించాడు. నలుగురు బావని రెక్కలు పట్టి ఈడ్చుకొచ్చారు. లోపల చస్తే అది ఫ్యాక్టరీ చావు. బయట చస్తే రోడ్డు మీది చావు. ఆ సంగతి బావకీ తెలుసు. గేటు దాటించబోతుండగా కుడిచెయ్యి చాచి చువ్వ పట్టుకున్నాడు.

కాంట్రాక్టరు మనిషి ఇనప కడ్డీతో ఆ వేళ్ళ మీద కొట్టాడు. బావ వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బకి వేళ్ళు తెరుచుకున్నాయి.

నా చేతిలో చిన్న పట్టకారు, దాని కొసన ఫిల్టరు కాగితం. నేను అరవలేదు. కాగితం నలగకుండా కవరులో పెట్టాను. అంటించాను. తేదీ వేసి సంతకం చేశాను. అప్పుడు మెట్లు దిగాను. నేను చేరేసరికి రోడ్డు మీద బావకి ఊపిరి లేదు. ఆ సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా, తీరుగా ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నాది కాదనిపిస్తుంది.

గాలిలో దుమ్ము ఎంత మించకూడదో కేంద్ర ప్రభుత్వం రాసింది. ఆ రాతని అమలు చేసే పని రాష్ట్రానికి అప్పగించింది. రాష్ట్రం జిల్లాకి అప్పగించింది. జిల్లా అంటే ఒక ఇంజనీరు, బ్యాటరీ లేని ఒక జీపు, నేను. మూడు నెలలకోసారి యంత్రంలో తెల్లకాగితం పెట్టి, సాయంత్రం తీసి, తూకానికి పంపడం నా పని. తీసినవాడి సంతకం లేకుండా ఏ అనుమతీ కదలదు. కాలనీలో నన్ను కాగితమోడు అంటారు.

బావ ఈ వరసని దాటిపోదామనుకున్నాడు.

"కిందోళ్ళంతా కాంట్రాక్టరు టీ తాగినోళ్ళే బావమరిదీ. తిన్నగా కేంద్రానికే రాద్దాం" అన్నాడు.

ఆయన చెప్పాడు, నేను రాశాను. పొగగొట్టంలో దుమ్ము పట్టే సంచులు చిరిగి ఏడాదైందనీ, కొలిచే రోజున మాత్రం ఫర్నేసు మంట తగ్గిస్తున్నారనీ రాశాను. అడుగున ముప్పై ఒక్కమంది పేర్లు. అన్నిటికన్నా పైన బావ పేరు. కేంద్రం ఆ ఉత్తరాన్ని చదివింది. అమలు అధికారం మీదే కనుక తగిన చర్య తీసుకోండని రాష్ట్రానికి పంపింది. రాష్ట్రం జిల్లాకి పంపింది. మా ఇంజనీరు దాని మీద 'వాస్తవాలు తెలుపగలరు' అని రాసి ఫ్యాక్టరీకి పంపించాడు.

ఆ కవరు తీసుకెళ్ళి కాంట్రాక్టరు బల్ల మీద పెట్టింది నేనే. లోపల ఏముందో నాకు తెలుసు. చేతిరాత నాదే. భయపడ్డానని చెప్పుకుంటే కొంత తేలిగ్గా ఉండేది. కానీ భయం కాదు. చేతికి తపాలా ఇస్తే కాళ్ళు నడుస్తాయి, అంతే. మనిషి లోపల మనిషికి తెలియకుండా ఒక నౌకరు ఉంటాడు.

మర్నాడు కాంట్రాక్టరు క్రేను నడిపే బావని కిందికి దింపి ఫర్నేసు మూతి దగ్గర నిలబెట్టాడు. "గాలి గురించి రాశావుగా, దగ్గర్నుంచి చూడు" అన్నాడట. బావ పదహారు రోజులు చూశాడు.

*

బావని మట్టిలో పెట్టిన మూడో రోజు అక్క నలభైమందిని వెంటేసుకుని మా ఆఫీసుకి వచ్చింది. అక్క కళ్ళలో తడి లేదు. ఇంజనీరు ఆమెకి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నీ భర్త విషయం బాధాకరమేనమ్మా. కానీ కొలతలు చూడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. ఆ హద్దు నేను పెట్టింది కాదు, కేంద్రం పెట్టింది."

"కేంద్రాన్ని అడిగితే మీ దగ్గరికే పంపింది కదా సారూ."

"అవును. అమలు మాది."

"అయితే అమలు చెయ్యండి."

"హద్దు దాటితే కదా చెయ్యడానికి!"

వెనకనుంచి సైరన్ తాత చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీ సైరన్ మోగించిన మనిషి. ఇప్పుడు టీ ఊదుకుని తాగడానికి కూడా ఊపిరి చాలదు.

"మా దగ్గుకి కూడా ఒక హద్దు రాయించండి సారూ. దాటకుండా దగ్గుతాం."

నలభైమందీ నవ్వారు. నవ్వు దగ్గయింది. గదంతా దగ్గు. ఇంజనీరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇవాళ్టికి పదో రోజున ప్రత్యేకంగా మళ్ళీ కొలుస్తాం. హద్దులో ఉంటే రెండో ఫర్నేసుకి అనుమతి. మీ గోడ పక్కనే కడతారు, మీవాళ్ళకే పనులు. ఎప్పటిలాగే కాలనీ శుభ్రంగా ఉంచండి. పైనుంచి కూడా ఎవరైనా రావచ్చు."

ఎప్పటిలాగే అన్నాడు. ఆ మాట అంటూ నావైపు చూడలేదు. చూడకపోవడమే నాకు వినిపించింది.

*

ఆ సాయంత్రం చదువుల గది కిక్కిరిసింది. అక్క నా ముందుకొచ్చి నిలబడింది.

"ఒరేయ్, మా ఇళ్ళల్లో మంచినీళ్ళ మీద కూడా మసి తేలుతుంది. నీ కాగితం మాత్రం తెల్లగా ఎలా ఉంటుందిరా?"

అందరూ నావైపు తిరిగారు. మూడేళ్ళుగా గొంతులో దాచుకున్న మాట.

"మీరు తుడుస్తారు కాబట్టి" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. కొలత రోజుకి మూడు రోజుల ముందే ఇంజనీరు కబురు పంపుతాడు. ఆడవాళ్ళంతా తెల్లవారకముందే లేస్తారు. వీధులు ఊడుస్తారు, నీళ్ళు చల్లుతారు, కప్పులు కడుగుతారు, చెట్ల ఆకులు కూడా తుడుస్తారు. మధ్యాహ్నం మళ్ళీ చల్లుతారు. ఇంటికి సర్కారు వస్తుంటే మురికిగా కనబడతామా అనే పట్టుదల. నేల తడిగా ఉంటే దుమ్ము లేవదు. ఫర్నేసు మంట తగ్గి ఉంటుంది. కాగితం తెల్లగా వస్తుంది. ఇంజనీరుకి తెలుసు. నాకూ తెలుసు. ఆడవాళ్ళు మాత్రం యంత్రం మూతని తమ తడిగుడ్డతో తుడిచి, నాకు టీ ఇచ్చి, "బాగా వచ్చిందా నాయనా?" అని అడిగేవాళ్ళు. బాగా వచ్చిందనే చెప్పేవాణ్ణి.

అక్క నా చెంప మీద కొట్టింది. పెదవి చిట్లింది. రెండో చెంప కూడా వాయించింది. ఎవరూ ఆపలేదు. తర్వాత గదిలో ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు తమ చేతులు తిప్పి చూసుకున్నారు. నన్ను కొట్టినదానికన్నా ఆ చూపులు నొప్పి పెట్టాయి.

"అయితే తుడవం" అంది అక్క.

బట్టలు కుట్టే పిన్ని లేచింది. "తుడవకుండా ఎలాగే? పదిమంది వచ్చేచోట చెత్తలో కూర్చుంటే నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

"ఆ చెత్త నువ్వు చేసిందా పిన్నీ?"

"కాదనుకో. కానీ నా గుమ్మంలో ఉంటే నాదే అనుకుంటారు."

"అందుకే కదా ఇన్నాళ్ళూ వాళ్ళ మురికి మనం మోసింది! వాడు ఊదుతాడు, మనం కడుగుతాం, వీడు వచ్చి బాగుందని రాసుకుపోతాడు."

"మరి పిల్లలకి దగ్గొస్తే?"

"తుడిస్తే రావట్లేదా?"

పిన్ని కూర్చుంది. సరేనని తల ఊపింది. ప్రతి కప్పు మీదా ఒక తెల్లదుప్పటి పరచాలని సైరన్ తాత చెప్పాడు. "మన కాగితం మనం పెట్టుకుందాం. వాళ్ళది చిన్నది, మనది పెద్దది."

తొమ్మిది రోజులు ఎవరూ చీపురు ముట్టలేదు. అదేమంత పోరాటమని మీకు అనిపించవచ్చు. నాలుగో రోజు పిన్ని ఇంటి తలుపు వెనక దాక్కుని కుట్టుమిషను తుడుస్తూ, తుడిచినందుకు ఏడుస్తూ దొరికింది. అక్క ఆమెని తిట్టలేదు. పక్కన కూర్చుని చేతిలో గుడ్డ తీసుకుంది. సిగ్గు ఎంత లోతుకి దిగి ఉంటుందో ఆ రోజు చూశాను. తాళం కప్ప మనలోనే ఉంటుంది. యజమానికి తాళంచెవి ఉంటే చాలు.

ఆరో రోజుకి వీధుల్లో అడుగుల గుర్తులు పడ్డాయి. తొమ్మిదో రోజుకి దుప్పట్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి.

*

పదో రోజు ఎనిమిదింటికి యంత్రంలో కాగితం పెట్టాను. తొమ్మిదింటికి కాంట్రాక్టరు మూడు నీళ్ళ ట్యాంకర్లతో వచ్చాడు. వెనక కడ్డీలు పట్టుకున్న పాతికమంది, వాళ్ళ వెనక పోలీసు వ్యాను.

"జరగండి! వీధులు కడగాలి!" అని అరిచాడు కాంట్రాక్టరు.

"మూడేళ్ళు మేం కడిగాం, చాల్లే" అంది పిన్ని. వెళ్ళి మొదటి ట్యాంకరు ముందు నేల మీద కూర్చుంది. ఆమె పక్కన అక్క, అక్క పక్కన వీధంతా.

కడ్డీలు లేచాయి. మొదటి దెబ్బ పిన్ని భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మేడ మీదికి వినబడింది. అక్క ఆ కడ్డీని రెండు చేతులా పట్టుకుని లాగి, కొట్టినవాడి మొహం మీదే తిప్పి కొట్టింది. రాళ్ళు లేచాయి. ట్యాంకరు అద్దం పగిలి డ్రైవరు దూకి పారిపోయాడు. పోలీసులు లాఠీలతో దిగారు. తలలు పగిలాయి. ఒకడు గొట్టం విప్పి జనం మీదికి నీళ్ళు వదిలాడు. ఆ నీటి దెబ్బకి సైరన్ తాత గాల్లోకి లేచి అరుగు రాయి మీద వెనక్కి పడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆయన తలకింద బూడిద ఎర్రటి బురదయింది.

అప్పుడే ఇంజనీరు కడ్డీలు పట్టుకున్న ఇద్దరితో మేడెక్కాడు. చేతిలో కొత్త తెల్లకాగితం.

"ఇది పెట్టి అది తియ్యి."

నేను యంత్రం మూత మీద చెయ్యి వేశాను. లోపలి నౌకరు కదిలాడు. ఇచ్చింది అందుకోమన్నాడు. నేను చెయ్యి మాత్రం తియ్యలేదు.

"చెవుడా? నీ ఉద్యోగం పోతుంది."

"కొట్టి వదిలించేదాకా బావ చెయ్యి గేటు లోపలే ఉంది సారూ. నేను చూశాను."

కడ్డీ నా వేళ్ళ మీద పడింది. ఒకటి. రెండు. మూడో దెబ్బకి నా వేళ్ళు తెరుచుకున్నాయి. అబద్ధం చెప్పను, తెరుచుకున్నాయి. ఇంజనీరు యంత్రంలోంచి అప్పటికే నల్లబడ్డ కాగితాన్ని లాగి చించి, తెల్లది ఒక కవరులో పెట్టి కలం నాకు అందించాడు.

"సంతకం పెట్టు."

నా కుడిచెయ్యి ఎత్తి చూపించాను. మూడు వేళ్ళు వెనక్కి వేలాడుతున్నాయి. అతను ఆ చేతిని చూశాడు. కడ్డీ పట్టుకున్నవాణ్ణి చూశాడు. వాళ్ళు విరగ్గొట్టింది తమకి కావలసిన సంతకాన్నే. నాకు నవ్వొచ్చింది. ఆ నొప్పిలో గట్టిగా నవ్వాను.

నవ్వుతూనే కిందికి చూశాను. జనం తాతని తలుపు చెక్క మీద ఎత్తుకున్నారు. కప్పుల మీది నల్లదుప్పట్లు లాగి, నలుగురికొకటి పట్టుకుని, గేటు వైపు కదిలారు. అక్క నుదుటి నెత్తురు కంట్లోకి కారుతోంది. తుడుచుకోలేదు.

మెట్లమీద పడుతూ లేస్తూ వెళ్ళి కలిశాను. గేటు మూసి ఉంది. అక్క వెళ్ళి చువ్వ పట్టుకుంది. బావ పట్టుకున్న చువ్వే. ఆమె పక్కన మరో చెయ్యి, ఆ పైన ఇంకోటి. పోలీసు అధికారి అరిచాడు. ఎవరూ వదల్లేదు.

అప్పుడు లోపల సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదు. తాత లేచాడేమోనని ఒక్క క్షణం అందరం చెక్క వైపు చూశాం. సైరన్ ఆగలేదు. ఫర్నేసుకి గాలి కొట్టే బ్లోయరు చప్పుడు మాత్రం ఆగింది. పొగగొట్టం నోట్లో పొగ సన్నబడి, తెగిపోయింది. ఫర్నేసు మనుషులు పరుగున వచ్చి లోపలివైపునుంచి అవే చువ్వలు పట్టుకున్నారు. లోపలా బయటా అనేది ఇక లేదు.

నా వేళ్ళు మూసుకోవు. మోచెయ్యి చువ్వల్లో దూర్చి పెనవేశాను.

లాఠీ అక్క వేళ్ళ మీద పడింది. నేను లెక్కపెట్టాను. ఒకటి. ఆమె పళ్ళు బిగించింది. రెండు. లోపలినుంచి ఎవరిదో మసిబారిన చెయ్యి వచ్చి ఆమె చేతిని కప్పింది. దాని మీద పిన్ని ఎడమచెయ్యి పడింది.

మూడు.

వేళ్ళు తెరుచుకోలేదు.