కోచ్‌ గారి మామ

కార్వర్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు టాడ్ లిండ్‌గ్రెన్‌ని హెడ్ కోచ్‌గా వేసినప్పుడు, అయోవా మొత్తంలో లీలండ్ ఆస్టర్‌హౌస్ అంత అదృష్టవంతుడు లేడని ఊరంతా అనుకుంది. టాడ్ ఆయనకు అల్లుడు. లీలండ్‌కి ఆ జట్టంటే ప్రాణం. వారమంతా ధాన్యం గిడ్డంగిలో దుమ్ము మింగి, శనివారం మధ్యాహ్నం మైదానం పై వరసలో స్నేహితుడు మెర్లిన్ షౌటెన్ పక్కన కూర్చుని, ఆ దుమ్మంతా అరుపుల్లో కక్కేసేవాడు. వచ్చిన ప్రతి కోచ్‌నీ తిట్టాడు. తను గిడ్డంగి ఉద్యోగం నుంచి దిగిపోయాక మరీ ఎక్కువ తిట్టాడు.

అల్లుడు రావడంతో ఆ పై వరస చేజారింది. కోచ్ కుటుంబానికి కింద, జట్టు బెంచీ వెనకాలే కుర్చీలిచ్చారు. మొదటి ఆటకు ముందే కూతురు కరీన్ ఆయన చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఇక్కడ మాత్రం నోరు విప్పకు. చుట్టూ ఉన్నవాళ్లంతా కాలేజీకి విరాళాలిచ్చే పెద్దమనుషులు. నువ్వు ఒక్క మాట జారితే చాలు, సోమవారానికల్లా 'సొంత మామే అన్నాడట' అని మొదలుపెడతారు."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు లీలండ్.

మొదటి రెండేళ్లూ జట్టు గెలుస్తూ ఉంది కాబట్టి నోరు మూసుకోవడం కష్టం కాలేదు. మూడో ఏడు తిరగబడింది. ఓడినందుకు కాదు ఆయన బాధ. ఓడిన తీరుకు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోగలిగితే బంతి మనదగ్గరే ఉంటుంది. మూడు అయిపోయి గజమో, గజమున్నరో మిగిలినప్పుడు గుండె గల కోచ్ నాలుగోదీ ఆడిస్తాడు. టాడ్ ఆడించడు. బంతిని దూరంగా తన్నించి అవతలివాళ్ల చేతికిచ్చేస్తాడు. ప్రతిసారీ అంతే.

నవంబరులో పక్క జిల్లా కాలేజీతో ఆట. కార్వర్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఆట ముగియడానికి ఇంకొంచెమే సమయం. నాలుగో ప్రయత్నం, మిగిలింది గజం. అవతలివాళ్ల గోల్ గీత కనుచూపు మేరలోనే ఉంది. జనమంతా లేచి నిలబడ్డారు. లీలండ్ కూడా లేచాడు.

టాడ్ చెయ్యి ఊపాడు. తన్నేవాడు పరిగెత్తుకుంటూ మైదానంలోకి వచ్చాడు.

"ఒరేయ్ లిండ్‌గ్రెన్!" పై వరసలోంచి గొంతు. అది మెర్లిన్‌దని వెనక్కి తిరక్కుండానే లీలండ్‌కి తెలిసిపోయింది. "ఆ బంతికి రంగు కాగితం కూడా చుట్టి ఇవ్వరా! పండక్కి పంపుతున్నావుగా!"

జనం ఘొల్లున నవ్వారు. ఆ తర్వాత ఈలలు, హేళనలు. లీలండ్ గొంతులోకి ఒక కేక వచ్చి కూర్చుంది. ముప్ఫయ్యేళ్ల అలవాటు, అంత తేలిగ్గా పోతుందా? పక్కన కరీన్ ముందుకు చూస్తూ కూర్చుని ఉంది. ఆమె వేళ్లు ఆయన కోటు చేతిని గట్టిగా పట్టుకున్నాయి. పక్క కుర్చీలో కూర్చున్న బ్యాంకు పెద్దమనిషి సానుభూతిగా తల ఊపాడు. ఆ తల ఊపుడు మెర్లిన్ మాటకన్నా ఎక్కువ మంట పుట్టించింది. లీలండ్ ఆ కేకను మింగేశాడు. కార్వర్‌కి బంతి మళ్లీ దక్కలేదు.

మర్నాడు చర్చి అయ్యాక కరీన్ ఇంట్లో భోజనం. చిలీ కూర, దాల్చినచెక్క రొట్టెలు. ఎవరూ ఆట ఊసెత్తలేదు. కరీన్ వంటగదిలోకి వెళ్లగానే టాడ్ చెంచా కింద పెట్టాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"మావయ్యా, ఒక్కటడుగుతాను, మొహమాటపడకుండా చెప్పండి. నిన్న నా స్థానంలో మీరుంటే?"

మూడేళ్లుగా లీలండ్ ఈ ప్రశ్న కోసమే కాచుకున్నాడు. తీరా అడిగేసరికి తప్పించుకునే దారి కోసం చూశాడు. కిటికీలోంచి కోసేసిన మొక్కజొన్న చేలు కనిపించాయి.

"నేనెంత, నా బోడి సలహా ఎంత..."

"చెప్పండి. ఊరంతా చెబుతోంది. మీరొక్కరే చెప్పలేదు."

"ఆడించేవాణ్ణి," అన్నాడు లీలండ్. అన్నాక ఇక ఆగలేదు. "గజం టాడ్, ఒక్క గజం! ఆ పిల్లలు నిన్ను చూస్తున్నారు. నువ్వు తన్నేవాణ్ణి పంపగానే వాళ్ల భుజాలు ఎలా జారిపోయాయో చూశావా? మీవల్ల కాదు అని నువ్వే వాళ్లతో చెప్పినట్టయింది."

టాడ్ చెంచాను బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు.

"ఆడించి ఓడితే పిచ్చివాడంటారు. తన్నించి ఓడితే పిరికివాడంటారు. పిరికివాడికైతే ఇంకో ఏడాది ఇస్తారేమోనని..." అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నాకిద్దరు పిల్లలు మావయ్యా."

"తెలుసు. నా మనవలేగా," అన్నాడు లీలండ్ మెల్లగా.

కరీన్ కాఫీ తెచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, కప్పులు పెట్టి వెళ్లింది.

శనివారం ఆఖరి ఆట. ఈసారి కార్వర్ మూడు పాయింట్లు ముందుంది. నిమిషాలు కరుగుతున్నాయి. నాలుగో ప్రయత్నం, రెండు గజాలు కావాలి. కానీ బంతి ఉన్నది కార్వర్ సొంత సగంలో. తన్నిస్తే అవతలివాళ్లు మైదానం పొడవునా పరిగెత్తి రావాలి. ఆట తెలిసిన వాడెవడైనా ఇక్కడ తన్నిస్తాడు.

టాడ్ చెయ్యి ఊపలేదు. ఆటగాళ్లు అక్కడే నిలబడ్డారు.

'ఇక్కడ కాదురా నాయనా,' అనుకున్నాడు లీలండ్. 'ఇక్కడ తన్నించాలి.' లేచి అరవాలని ఒళ్లంతా లాగింది. బెంచీ పది అడుగుల దూరంలో ఉంది, అరిస్తే టాడ్‌కి వినిపిస్తుంది. కానీ ఏ ముఖంతో అరుస్తాడు? అంతలో టాడ్ వెనక్కి తిరిగి కుర్చీల వైపు చూశాడు. భార్యను చూశాడో, మామను చూశాడో తెలియదు. లీలండ్ కదలకుండా ఉండిపోయాడు.

బంతి పట్టిన కుర్రాణ్ణి, కావలసిన రెండు గజాలకు ఇంకా అరగజం ఉండగానే పడేశారు. అవతలివాళ్లకు బంతి దొరికింది. కాసేపట్లోనే కార్వర్ గోల్ గీత దాటేశారు. ఆట అయిపోయింది. "పిచ్చోడు! పిచ్చోడు!" అని పై వరసల్లోంచి కేకలు.

కార్ల దగ్గర టాడ్ ఆయన దగ్గరికి వచ్చాడు. "మీరు మనసులో పెట్టుకోకండి మావయ్యా. నిర్ణయం నాది." అంత మర్యాదగా అన్నాడు. తిట్టినా బావుండేది.

సోమవారం కాలేజీ అతన్ని తీసేసింది. దక్షిణ డకోటాలో ఒక చిన్న కాలేజీలో సహాయ కోచ్ పని దొరికింది. కరీన్ ఇల్లు సర్దడం మొదలుపెట్టింది.

ఆ వారమే మెర్లిన్ బలవంతం మీద లీలండ్ కాఫీ హోటల్‌కి వెళ్లాడు. ఆయన్ని గోడవైపు కూర్చోబెట్టి, మెర్లిన్ పక్కన కూర్చున్నాడు. అవతల మరో ఇద్దరు పాత స్నేహితులు.

"కోపం తెచ్చుకోకు లీలండ్," అన్నాడు మెర్లిన్, "కుర్రాడు మంచోడే. కానీ గెలుస్తున్న ఆటలో, సొంత సగంలో, నాలుగోది ఆడిస్తాడట్రా ఎవడైనా? వాడి చెవిలో ఏ దెయ్యం ఊదిందో!"

"నేనే," అన్నాడు లీలండ్.

"ఏంటి?"

"నేనే చెప్పాను. ఆడించమని."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత మెర్లిన్ పగలబడి నవ్వి ఆయన వీపు తట్టాడు. "చూశార్రా! అల్లుడి మీద ఈగ వాలనివ్వడు. నింద కూడా తన నెత్తినే వేసుకుంటున్నాడు!"

"నిజం మెర్లిన్. ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను."

"సర్లే, సర్లే. నువ్వంత వెర్రి సలహా ఇస్తావంటే ఈ ఊళ్లో నమ్మేవాడెవడు? కాఫీ తాగు, చల్లారిపోతోంది."

లీలండ్ లేచి వెళ్లిపోదామనుకున్నాడు. లేవాలంటే ముందు మెర్లిన్ జరగాలి. మెర్లిన్ అప్పటికే వచ్చే ఏడు ఎవరు కోచ్ కావాలో చర్చ మొదలుపెట్టేశాడు. మిగతా ఇద్దరూ బల్ల మీదికి వంగారు. లీలండ్ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, వాళ్ల మాటలు వింటూ గోడకు ఆనుకున్నాడు.