మెజియాన్ గీసిన గడ్డం

తోలుపట్టీ మీద కత్తి అటూ ఇటూ నూరి, బెలాయిద్ దవడలకు సబ్బునురగ పట్టించాడు మెజియాన్. కబీలియా కొండల్లో ఆ ఊరికి ఉన్నది ఒక్కటే మంగలి దుకాణం. బస్సు నడిపే బెలాయిద్ రోజూ మొదటి ట్రిప్పుకు ముందే వచ్చి కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంటాడు. నోరు మాత్రం మూయడు.

ఆ రోజూ అదే పాట. తనది నల్లజుట్టు, భార్య వార్దియాది నల్లజుట్టు, పుట్టిన పిల్లకేమో ఎర్రజుట్టు. అనుమానంతో తల్లీబిడ్డలను పుట్టింటికి పంపేశాడు. శుక్రవారం పెద్దల ముందు విడాకులు చెప్పేస్తానంటున్నాడు. ఆస్పత్రి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అలాంటి జుట్టు రావాలంటే తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా కలవాలట. ఒక్క వాటాయే ఉన్నవాళ్ల తల నల్లగానే ఉండొచ్చు. ఒక్కోసారి మగవాళ్లకు గడ్డంలో బయటపడుతుంది. వార్దియా నాయనమ్మది ఎర్రజుట్టే. అయితే అది వాళ్లింటి గొడవ, నాకేం సంబంధం అని లేచి వచ్చేశాడు మహానుభావుడు.

మెజియాన్‌కు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ దవడల మీద నుంచి తాను గీసి పారేస్తున్నదేమిటి? కుర్రతనంలో ఎవరో వెక్కిరించారని బెలాయిద్ ఒక్కరోజు కూడా గడ్డం పెరగనివ్వలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ దాన్ని చూడలేదు. కుర్చీలో తెలిసిన సంగతి గడప దాటించడం మెజియాన్‌కు అలవాటు లేదు. ఇప్పుడా అలవాటు మీదే అతనికి విసుగొస్తోంది.

కత్తి తుడిచిన, ఎర్రటి వెంట్రుకలు అంటుకున్న తువ్వాలు తీసుకెళ్లి అతని ముక్కు కింద పెట్టాడు.

"కళ్లు తెరిచి చూడరా. నీ వాటా ఇదిగో."

బెలాయిద్ ఒంటికన్నుతో చూశాడు. "అదంతా నీ చవక సబ్బు మహిమ, మెజియాన్ అన్నా. గడ్డం గడ్డమే, జుట్టు జుట్టే."

"గాడిదకు చెప్పినా ఈపాటికి చెవులన్నా ఆడించేది. రేపట్నుంచి నీకు గీయను, పో. పెరగనీ. ఊరంతా చూడనీ."

"నువ్వు గీయకపోతే ఇంకెవరు గీస్తారు?" అని నవ్వుతూ వెళ్లి బస్సెక్కాడు బెలాయిద్. తనంతట తాను గీసుకుంటే దవడ కోసుకునే రకం.

మెజియాన్ ఇంకో ఇద్దరికి జుట్టు కత్తిరించాడు. మధ్యాహ్నం ఆలివ్ నూనెలో రొట్టె ముంచుకుని తిన్నాడు. పొద్దుట్నుంచీ ఛాతీ బరువుగా ఉంది. ఆ మొండివాడితో వాదించినందుకే అనుకున్నాడు. ఖాళీ కుర్చీలో నడుం వాల్చి, వాణ్ణి మనసులోనే ఇంకాస్త తిట్టుకున్నాడు. ఎండ గడప దాటేసరికి నిద్రలోనే పోయాడు.

బెలాయిద్ అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. పాడె మోశాడు. పరామర్శకు వచ్చేవాళ్లకు కాఫీలు అందిస్తూ ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. దుకాణం మూతపడింది. శుక్రవారానికి అతని దవడల నిండా గడ్డం మొలిచింది, రాగిబిందెలా ఎర్రగా. పరామర్శకు వచ్చిన వార్దియా తండ్రి చెయ్యి కలిపి, ఆ చెయ్యి వదలకుండా అతని ముఖం వంక చూశాడు.

"నా మనవరాలిది నీ పోలికే నాయనా," అన్నాడు, గొంతు పెంచకుండా.

బల్ల మీద కూర్చున్న పెద్దలంతా తలలు తిప్పి చూశారు. బెలాయిద్ దవడ తడుముకున్నాడు. సబ్బు మీద నెట్టడానికి సబ్బు కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

బెలాయిద్ లోపలికెళ్లి, మెజియాన్ భార్యను దుకాణం తాళంచెవి అడిగి తీసుకున్నాడు. గీసుకోవడానికే కాబోలనుకుందామె. అద్దం ముందు, కళ్లు తెరుచుకుని, చాలాసేపు నిలబడ్డాడు. కత్తి ముట్టుకోలేదు. తాళం వేసి, ఆ గడ్డంతోనే మామగారి వెంట వార్దియాను తీసుకురావడానికి వెళ్లాడు.

లోపల కొక్కేనికి మెజియాన్ తువ్వాలు అలాగే వేలాడుతోంది, ఎండిన నురగలో అతుక్కున్న ఎర్రటి వెంట్రుకలతో.