సందులో అడుగుల చప్పుడు

మనిషిని గుర్తుపట్టడానికి ఫిలిప్‌కు కళ్ళతో పనిలేదు, చెవులు చాలు. గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి పక్క సందు చివర వాళ్ళ తోలుపని కొట్టు. సందంతా నాపరాళ్ళు. గుమ్మానికి వీపు పెట్టి, గోడకేసి కూర్చుని బూట్లు కుట్టే ఆ పెద్దమనిషి, అడుగుల చప్పుడు వినగానే "రండి లాయరు గారూ" అనో, "టీచరమ్మ గారూ, చెప్పు మడమ అరిగిపోయిందాండీ" అనో పలకరించేవాడు. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారీ తప్పలేదట. ఆ మాట రోజుకు రెండుసార్లు చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు.

కూతురు దీవెన పదేళ్ళుగా బ్యాగులు కుడుతోంది. ఆమె కుట్టిన బ్యాగు తెగిందని తిరిగొచ్చినవాళ్ళు లేరు. అయినా బూట్ల జోలికి మాత్రం ఫిలిప్ రానిచ్చేవాడు కాదు.

"బ్యాగును మనిషి మోస్తాడే. బూటు మనిషిని మోస్తుంది," అనేవాడు.

చివరికి మైలవరం వెంకటప్పయ్య గారి బూట్ల దగ్గర తండ్రీకూతుళ్ళకు పంతం వచ్చింది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన ఎడమకాలు అంగుళం పొట్టి అయింది. ఫిలిప్ ఎప్పుడూ ఎడమ బూటు కింద అంగుళం మందాన సోల్ వేసి ఇచ్చేవాడు. ఎత్తు సరిపోయేది గానీ బూటు ఇటుకంత బరువు. ఆయన నడుస్తుంటే ఒక అడుగు టక్కుమనేది, రెండోది దబ్బుమనేది.

"సగం ఎత్తు కార్కు బెండుతో లోపల పెడతాను నాన్నా. మిగతా సగమే కింద వేస్తాను. బరువు తగ్గుద్ది," అంది దీవెన.

"లోపల పెడితే మడమ పైకి లేచి బూటు ఊడొస్తది."

"మడమ దగ్గర తోలు ఎత్తుగా కోస్తాను."

"అన్నిటికీ జవాబుంటది నీ దగ్గర. సరే, కుట్టు. ఆయన సరిగ్గా నడిస్తే నా పక్కన పీట వేసుకో. లేదంటే మళ్ళీ బూటు మాట ఎత్తకూడదు."

దీవెన ఒప్పుకుంది. ఆమెకు బెదురేమీ లేదు. ఉంటే కొలతలు మూడుసార్లు తీసేది. ఒక్కసారే తీసింది.

శనివారం వెంకటప్పయ్య గారు వచ్చేసరికి ఫిలిప్ పెరటి గుమ్మంలోంచి టీకి వెళ్ళి ఉన్నాడు. దీవెన ఆయనకు కొత్త బూట్లు తొడిగి, లేసులు కట్టింది.

"అలా మెయిన్‌రోడ్డు దాకా వెళ్ళి రండి బాబాయి గారూ."

ఆయన అటు వెళ్ళిన కాసేపటికి ఫిలిప్ వెనకనుంచే తిరిగొచ్చి, పీట మీద కూర్చుని సుత్తి అందుకున్నాడు. వెంకటప్పయ్య గారు వచ్చిన సంగతి దీవెన చెప్పలేదు. నోరు మూసుకుని ఉండటం ఆమెకు బూట్లు కుట్టడం కన్నా కష్టమైంది.

సందులో అడుగులు వినిపించాయి. టక్, టక్. రెండూ ఒకే రకంగా, తొందర లేకుండా వచ్చి గుమ్మం దగ్గర ఆగాయి.

ఫిలిప్ సుత్తి ఆపి చెవి ఒగ్గాడు. ఎంత ఆలోచించినా పేరు తట్టలేదు.

"ఎవరోనండీ, కొత్తవారిలా ఉన్నారు. రండి, కూర్చోండి," అన్నాడు.

"కొత్తవాణ్ణా! ముప్పయ్యేళ్ళ నుంచి వస్తున్నాను కదయ్యా ఫిలిప్పూ!"

ఫిలిప్ గిర్రున తిరిగాడు. వెంకటప్పయ్య గారిని చూశాడు, బూట్లు చూశాడు, మళ్ళీ ఆయన్ని చూశాడు.

"ఇంకొక్కసారి నడవండి సార్," అన్నాడు.

ఆయన నడిచారు. ఫిలిప్ ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. ముప్పయ్యేళ్ళ గొప్ప ఒక్క పూటలో పోయిన మనిషి ఏడవాలి. ఆయన మాత్రం కూతురి పనితనానికి పొంగిపోయాడు.

"అమ్మాయ్, నీ పీట..." అంటూ కళ్ళు తెరిచాడు.

దీవెన అప్పటికే పీట లాక్కొచ్చి ఆయన పక్కన వేసుకుని కూర్చుంది.