రెండో కొస

నాన్నని అందరూ గుండు మేస్త్రీ అనేవాళ్ళు. గోడ నిటారు చూసే తూకం గుండు ఎప్పుడూ ఆయన భుజాన వేలాడేది. నెత్తి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. ఏ గుండుని చూసి ఆ పేరు పెట్టారో ఆయనా అడగలేదు.

ఆయన పోయాక ఇళ్ళు కట్టే ఆయన లైసెన్సూ పోయింది. నాన్న మొదలుపెట్టిన టీచరమ్మ ఇల్లు కిటికీల పైన ఆగిపోయింది. నా పేరు మీద లైసెన్సు కోసం నేను రాష్ట్రం వాళ్ళ పరీక్ష రాసి పాసయ్యాను. ఇక ఊరి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, నా పని చూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఇల్లు వేరే కాంట్రాక్టరు చేతికి పోతుంది. నాన్న కట్టిన గోడల మీద ఇంకెవరో స్లాబు వేస్తారు.

ఇన్‌స్పెక్టరు గొడుగు మడుచుకుంటూ తలుపు లేని గుమ్మంలోంచి లోపలికొచ్చాడు.

"ఈ గోడ ఎవరు కట్టారమ్మా?"

"మేం కట్టామండి."

"మేమంటే?"

"నాన్నా, నేనూ."

"నాన్నగారు లేరు కదా. లైసెన్సు ఒక్కరికే ఇస్తాం. ఆయన కట్టింది వదిలేసి, మీరు కట్టింది చూపించండి."

నాన్న కిటికీ అడుగు దాకా కట్టి మంచం పట్టాడు. ఆపైన ప్రతి ఇటుకా నాది. "వంకరగా కట్టావో, లేచొస్తా" అని మంచంలోంచి బెదిరించేవాడు. వంకరగా కట్టి ఉంటే బాగుండేదేమో.

కిటికీ అడుగున వేలితో గీత గీసి చూపించాను. "ఇక్కణ్ణుంచి నేను."

అంతవరకూ అది ఒకటే గోడ.

"సరే. రెండు మూలలూ ఒకే మట్టానికి ఉన్నాయో లేదో చూపించండి."

దానికి నీళ్ళు నింపిన సన్నటి గొట్టం ఉంటుంది. ఒక కొస ఈ మూల, రెండో కొస ఆ మూల పట్టుకుంటే నీళ్ళు రెండు చోట్లా ఒకే ఎత్తున నిలుస్తాయి. పట్టుకోవడానికి ఇద్దరుండాలి. పని ఆగిపోవడంతో కూలీలు వేరే చోట్లకి వెళ్ళిపోయారు. రెండు మూలల్లోనూ పై వరస మీద సుద్దతో గీత పెట్టి, రెండో కొసని అవతలి మూల మేకుకి కట్టేసి, ఈ కొసతో పరంజా ఎక్కాను. నీళ్ళు ఊగి ఊగి గీత దగ్గర నిలిచాయి.

"ఆగిందా?" అని అరిచాను, అలవాటుగా.

"ఆగిందే తల్లీ, నువ్వు ఊపకు!" అనేవాడు నాన్న. ఇప్పుడు ఆ మూల ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. తలెత్తి నీళ్ళకేసి చూశాడు. మళ్ళీ దించుకున్నాడు.

"నేను చెప్పకూడదమ్మా," అన్నాడు మెల్లగా. "రూలు ఒప్పుకోదు. మీరే చూసుకోవాలి."

ఈ కొసని కూడా మేకుకి కట్టాను. కిందికి దిగి, గది దాటి, అవతలి పరంజా ఎక్కాను. నీళ్ళు సరిగ్గా గీత మీద ఉన్నాయి.

"ఆగింది," అన్నాను, ఎవరికి చెప్పాలో తెలియక. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు.

లైసెన్సు చేతికొచ్చిన రోజు టీచరమ్మ దగ్గరికెళ్ళాను. చిన్నప్పుడు నా చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది ఆవిడే. మొన్నటిదాకా ఆవిడకి నాన్న 'మీరు', నేను 'ఒసే పిల్లా'. కాగితాన్ని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చదివింది. నా పేరు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత మడతపెట్టి, రెండు చేతులతో తిరిగిచ్చింది.

"అయితే పని ఎప్పుడు మొదలుపెడతారు మీరు?"

వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో నా చెప్పుల జత ఒక్కటే ఉంది.

"మేం రేపు వస్తా..." అని, చివరి అక్షరం దగ్గర ఆగిపోయాను.

"వస్తానండి," అన్నాను.