మంత్రిగారు విప్పిన కుళాయి

మా ఊరికి కుళాయి వచ్చింది, నీళ్ళు రాలేదు. ఆకుపచ్చ పలకలు అతికించి సిమెంటు దిమ్మె కట్టారు, చుట్టూ ఇనప కమ్మీలు పాతారు, పక్కన మంత్రిగారి పేరు చెక్కిన పాలరాయి నిలబెట్టారు. కుళాయి వెనక గొట్టం మసీదు గోడ వెంబడి నలభై అడుగులు పోయి అక్కడితో ఆగిపోయింది. నేనే నడిచి చూశాను. కొండవైపు తవ్విన బోరుకి మోటారు రావాలి. అది మూడేళ్ళుగా ఓడరేవులోనే ఉందట. ఓడరేవులో ఉందో, ఎవరింట్లో తిరుగుతోందో ఆ దేవుడికే ఎరుక.

నా పేరు ఎషాతా. ఇకోజూ ఊరి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా పురుళ్ళు పోస్తున్నాను. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక బల్ల, పెరట్లో వాననీళ్ళ తొట్టి. మా దీవిలో ఏరు లేదు, చెరువు లేదు. పడ్డ వాననంతా కొండరాయి తాగేస్తుంది. కప్పు మీద పడ్డది తొట్టిలోకి పట్టుకుంటే ఏడాదంతా అదే ఆధారం. ఆసుపత్రి తొట్టికి ఇనప మూత, మూతకి తాళం, తాళంచెవి నా పైగుడ్డ కొంగున. ఆ సెప్టెంబరు చివర తొట్టిలో నీళ్ళు నా మోకాలిదాకా ఉన్నాయి. మళ్ళీ వాన పడటానికి ఇంకా ఆరు వారాలు. ఈలోపు ఐదు కాన్పులు. ఒక్కో కాన్పుకి ఎన్ని నీళ్ళు కావాలో, ఎవరెవరివి ఎప్పుడో అంతా లెక్కేసి పెట్టుకున్నాను.

మంగళవారం పొద్దున్నే మా మేనమామ బొయినహేరి వచ్చాడు. ఆయన ఊరి పెద్దమనుషులకే పెద్ద. మా దగ్గర పెద్దమనిషి అనిపించుకోవాలంటే పెద్ద పెళ్ళి చేసుకోవాలి. ఎడ్లు కోసి, బస్తాలకొద్దీ బియ్యం వండి, ఊరంతటికీ రోజుల తరబడి పెట్టాలి. అలా చేసినవాడికే బంగ్వేలో, అంటే ఊరి నడిమి రచ్చలో, నోరు విప్పే హక్కు. చేసుకోనివాడు అరవయ్యేళ్ళొచ్చినా కుర్రాడే, వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాలి. ఇక ఆడవాళ్ళం బంగ్వేలో అడుగే పెట్టం. అంచున నిలబడి పాటలు పాడతాం.

“ఏమ్మా ఎషాతా, ఆ తాళంచెవి ఇలా పడెయ్,” అన్నాడు కూర్చోకుండానే.

“ఎందుకు మావయ్యా?”

“ఎల్లుండి మంత్రిగారు కుళాయి విప్పుతున్నారు. విప్పితే నీళ్ళు రావాలా వద్దా?”

“రావాలంటే ముందు మోటారు రావాలి.”

“మోటారు గొడవ మొరోనీలో సర్కారువాళ్ళు చూసుకుంటారులే. మసీదు వెనక ఓ ప్లాస్టిక్ ట్యాంకు ఎక్కించాం. నీ తొట్టిలోవి దాన్లోకి తోడతాం. ఆయన చేతులు కడుక్కుంటాడు, టీవీ వాళ్ళు బొమ్మ తీసుకుంటారు, కట్టేస్తాం. ఎంత పోతాయే, రెండు బిందెలు.”

“మీ ఇంటి తొట్టిలోవి తోడుకోండి మరి.”

“అది నాదా? మీ అత్తది. చచ్చినా ఇవ్వదు.”

ఆ మాట మాత్రం నిజం. ఇక్కడ ఇళ్ళు ఆడవాళ్ళవి. మగాడు పెళ్ళాం ఇంటికొచ్చి ఉంటాడు. బంగారు జరీ అంగీ తొడుక్కుని బంగ్వేలో ఎంత గొంతు చించుకున్నా, ఊళ్ళో ఏ పెద్దమనిషికీ సొంతంగా చెంబెడు నీళ్ళు లేవు.

“అందుకని దిక్కులేని సర్కారు తొట్టి మీద పడ్డారన్నమాట,” అన్నాను.

“నోరు తగ్గించు. హంబారి ఊరినించి ముప్పైమంది పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు కుళాయిలోంచి గాలి వస్తే నా తల ఎక్కడ పెట్టుకోను? సాయంత్రానికల్లా ట్యాంకరు పంపిస్తానని మంత్రిగారు నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. నీ తొట్టి అంచుదాకా నింపిస్తాడు.”

తల్లి తోడబుట్టినవాడు అడిగితే కాదనడం మాకు లేదు. పైగా అంచుదాకా అన్న మాటకి నాకూ ఆశ పుట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఏలేవాళ్ళని చూస్తూ కూడా ఆశపడ్డాను చూడండి, ఆ బుద్ధికి నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి. కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

గురువారం తొమ్మిదింటికి రావలసిన మంత్రి పన్నెండు దాటాక నాలుగు కార్లలో దిగాడు. ముఖాలకి పూసుకున్న గంధం ఎండకి ఎండి పెచ్చులు లేచిపోతున్నా మేము పాడుతూనే ఉన్నాం. ఆయన కుళాయి విప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. ఆయన చేతులు కడిగాడు. టీవీ ఆయన “ఇంకోసారి” అన్నాడు. మంత్రి మొహం కడిగాడు. “ఈ పక్కనించి కూడా” అన్నాడు టీవీ ఆయన. మంత్రి జోళ్ళు విప్పి కాళ్ళు కడిగాడు. తరవాత మైకు ముందుకి పోయి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. కుళాయి ఎవరూ కట్టలేదు. కట్టబోయినవాడి చెయ్యి మా మావయ్యే పట్టుకుని ఆపాడు, హంబారి వాళ్ళు మనల్ని పిసినారులనుకుంటారని.

“స్వాతంత్ర్యం వచ్చినప్పటినించీ ఎండిపోయిన ఈ ఊరి గొంతు తడిపే భాగ్యం నాకు దక్కింది,” అంటున్నాడు మంత్రి. నీళ్ళు దిమ్మె దిగి, బంగ్వే దాటి కాలవలో పడుతున్నాయి. మేకలు మూతులు పెట్టి తాగుతున్నాయి. ఆయన డ్రైవరు బకెట్టు పట్టుకొచ్చి కారు చక్రాలు కడగడం మొదలుపెట్టాడు. ఐదు కాన్పుల్లో ఎవరి వాటా ఆ చక్రం కింద పోతోందా అని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. కాళ్ళు వాటంతటవే కదిలాయి. బంగ్వే మధ్యలోకి పోయి కుళాయి కట్టేశాను.

పాట ఆగిపోయింది. మంత్రి మైకులోనే పలకరించాడు. “ఏం తల్లీ, కట్టేశావేం? పారనీ. ప్రభుత్వం నీళ్ళు, ఊరికే వస్తాయి.”

“ఊరికే రావట్లేదయ్యా. ఆసుపత్రి తొట్టిలోంచి వస్తున్నాయి. కాన్పులకి దాచుకున్న నీళ్ళు. మీ వాడు కారు కడుగుతున్నాడు.”

ఆయన కంగారు పడలేదు. కంగారుపడి ఉంటే కాస్తయినా మనిషనుకునేదాన్ని. జనంవైపు తిరిగి, “మంత్రసాని కదా, ఆవిడకి ఏం చూసినా కాన్పులే గుర్తొస్తాయి!” అన్నాడు.

నవ్వారు. ముందు వరస పెద్దమనుషులు నవ్వారు, హంబారి వాళ్ళు నవ్వారు, వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు, చెయ్యి అడ్డం పెట్టుకుని కొందరు ఆడవాళ్ళూ నవ్వారు. వీళ్ళ పిల్లల్ని ఈ చేతులతోనే బయటికి తీశాను. నాకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. మంత్రి అలాంటివాడే, అందరికీ తెలుసు. ఈ నవ్వినవాళ్ళని చూసి పుట్టిన అసహ్యం మాత్రం నాకు ఈ జన్మకి పోదు. నేను పక్కకి రాగానే ఎవరో మళ్ళీ కుళాయి విప్పారు. కాసేపు పారి, సన్నబడి, ఆగిపోయింది. అప్పటికి వాళ్ళంతా మేకమాంసం ముందు కూర్చున్నారు.

మూడింటికి కార్లు వెళ్ళిపోయాయి. ట్యాంకరు రాలేదు. తొట్టి మూత ఎత్తి చూశాను. రెండు బిందెలన్నవాళ్ళు మొత్తం తోడేశారు. అడుగున బురద, అందులో చచ్చిన బల్లి.

నాలుగింటికి చాటింపు వినిపించింది. చాటింపు వేసేవాడు నసూఫ్, పాతికేళ్ళవాడు, పెద్ద పెళ్ళి కలలోకి కూడా రానంత పేదవాడు. డబ్బా వాయించుకుంటూ సందు సందూ తిరిగి అరుస్తున్నాడు.

“ఊరివాళ్ళంతా వినండహో! నర్సమ్మ ఎషాతా బంగ్వేలో కాలుపెట్టి అతిథిని అవమానించింది. ఎద్దుని దండగ కట్టేదాకా ఆమె వెలి! ఏ ఇంటివాళ్ళూ ఆమెకి నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, ఆమెతో మాట్లాడకూడదు!”

దొంగమాట చెప్పి నీళ్ళు పారబోసినవాడికి మేకమాంసం. కుళాయి కట్టేసినదానికి వెలి. తీర్పుకి పట్టుమని గంట కూడా పట్టలేదు. మోటారు గురించి మూడేళ్ళనించీ ఒక్క కాగితం రాయలేని పెద్దలు వీళ్ళు.

నసూఫ్ చివరి కేక నా గుమ్మం ముందే వేశాడు. వేసి డబ్బా కింద పెట్టి అక్కడే నిలబడ్డాడు.

“నర్సమ్మా, తోయిఫాకి నొప్పులు మొదలయ్యాయి.”

“నాతో మాట్లాడకూడదుగా నువ్వు?”

“చాటింపు అయిపోయింది. ఇప్పుడు మొగుణ్ణి. నీ కాళ్ళు పట్టుకుంటా, రా అత్తా.”

వాడి పెళ్ళాం తోయిఫా పక్క దీవి పిల్ల. పంతొమ్మిదేళ్ళు, తొలికాన్పు. ఈ ఊళ్ళో ఆ పిల్లకి సొంత ఇల్లు లేదు, తొట్టి లేదు, తల్లి లేదు. మోసుకొచ్చి బల్లమీద పడుకోబెట్టాం. నీళ్ళకోసం నసూఫ్‌ని పంపించాను. ఏడు తలుపులు కొట్టి ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చాడు.

“నీ ఇంటికైతే ఇస్తాం, ఆసుపత్రికి ఇవ్వం అంటున్నారు. ఇస్తే వాళ్ళకీ వెలేనట. రేపు వాళ్ళింట్లో పెళ్ళికి గానీ చావుకి గానీ ఎవరూ రారట.”

“ఇంటికని చెప్పి తేలేకపోయావా, వెర్రివాడా?”

“ఇక్కడ కాన్పని అందరికీ తెలుసత్తా. చాటింపు వేసింది నేనే.”

సముద్రపు ఉప్పునీళ్ళతో చేసే పని కాదు. బకెట్టు లాక్కుని బంగ్వేకి పరుగెత్తాను. కుర్చీలు ఇంకా ఎత్తలేదు. వాటికింద మినరల్ వాటర్ సీసాలు దొర్లుతున్నాయి. అతిథులు రెండు గుక్కలు తాగి వదిలేసినవి, సగం తాగినవి. ఒకదాంట్లో అన్నం మెతుకు తేలుతోంది. ఒకదాంట్లో సిగరెట్టు ముక్క ఉంటే విసిరేశాను. కుర్చీలకింద మోకాళ్ళమీద పాకుతూ ఒక్కొక్కటే మూత తీసి బకెట్లో ఒంపాను. ఇవి ఏ ఇంటి నీళ్ళూ కావు, కాబట్టి ఎవరూ నన్ను ఆపలేదు. గుమ్మాల్లో నిలబడి చూశారంతే.

గుడ్డలో వడగట్టి, మరగబెట్టి, ఆ నీళ్ళతోనే చేతులు కడుక్కున్నాను, ఆ నీళ్ళతోనే తోయిఫాని శుభ్రం చేశాను. పొద్దు గుంకకముందే ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. ఆ పిల్ల ఒంటిమీద మా దేశం పోసిన మొదటి చెంబెడు నీళ్ళు మంత్రిగారి పరివారం ఎంగిలి. మూడోరోజు తోయిఫాకి జ్వరం తగిలింది. నసూఫ్ రాజధాని మొరోనీ దాకా పోయి మందు తెచ్చాడు. తొమ్మిదో రోజుకి లేచి కూర్చుంది. ఆ తొమ్మిది రోజులూ నేను ఎవరిని తిట్టానో, ఎలా తిట్టానో రాస్తే కాగితం కాలిపోతుంది.

పదోరోజు ఇంకో చాటింపు. “నర్సమ్మ వెలి అలాగే ఉంటుంది! నొప్పులు వచ్చినప్పుడు మాత్రం పిలవచ్చు!”

వినగానే అన్నం కంచం పక్కకి తోసేశాను. నేను వస్తానని వాళ్ళకి తెలుసు. కడుపులో బిడ్డ ఏం చేసిందని రాకుండా ఉంటాను? ఆ తెలివిమీదే వీళ్ళ పెద్దరికమంతా నడుస్తోంది. పని చేసేవాళ్ళు ఎలాగూ చేస్తారు కాబట్టి వాళ్ళ ముఖాన ఉమ్మినా పరవాలేదు. ఊళ్ళో వీళ్ళూ అంతే, రాజధానిలో వాళ్ళూ అంతే.

నసూఫ్‌ని పిలిచాను. “నాకూ ఒక చాటింపు వెయ్యాలిరా.”

వాడు నా మాట పూర్తిగా విని డబ్బా చంకన పెట్టుకున్నాడు. “నన్ను చంపేస్తారత్తా,” అన్నాడు. అని వెళ్ళి వేశాడు.

“నర్సమ్మ కాన్పుకి వస్తుంది! కానీ నీళ్ళు ఆ ఇంటి పెద్దమనిషే నెత్తిన పెట్టుకుని, బంగ్వే మధ్యలోంచి నడిచి తేవాలి! ఆడవాళ్ళు తెస్తే చెల్లదు! కుర్రాళ్ళు తెస్తే చెల్లదు!”

మా దీవిలో పెద్ద పెళ్ళి చేసుకున్నవాడు నెత్తిన నీళ్ళు మోయడం ఎవరూ చూసి ఎరగరు. ఐదు రోజులు ఊరంతా పగలబడి నవ్వింది. పెద్దమనుషులు నా గుమ్మం దాటుతూ ఉమ్మేసి పోయారు. శుక్రవారం పొద్దున మా బొయినహేరి మావయ్య కూతురు రాంతి నొప్పులు పడుతూ తనంతట తనే నడిచొచ్చి నా బల్ల ఎక్కింది. తొట్టిలో చుక్క లేదు. వాళ్ళ నాన్నకి కబురు పంపించాను. ఆయన తేకపోతే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలీదు. రాంతి చెయ్యి పట్టుకుని, నొప్పి నొప్పికీ గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నాను.

మసీదులో జనం బయటికొచ్చే వేళకి ఆయన కనిపించాడు. ప్రార్థనకి వేసుకున్న జరీ అంగీతోనే ఉన్నాడు. నెత్తిమీద బకెట్టు. అత్త తన తొట్టిలోంచి తోడి, తనే ఎత్తి పెట్టిందట. ఆయనకి మోత అలవాటు లేదు. అడుగు అడుగుకీ నీళ్ళు తొణికి అంగీ మీద, గడ్డం మీద పడుతున్నాయి. బంగ్వే నిండా మనుషులు. ఎవరూ నవ్వలేదు. మొన్న నవ్వినవాళ్ళంతా కాళ్ళవైపు చూసుకుంటున్నారు.

బకెట్టు గుమ్మంలో దించి రొప్పుతూ నిలబడ్డాడు.

“తృప్తేనా నీకు?” అన్నాడు.

తృప్తి ఏమీ అనిపించలేదు. వంగి బకెట్లోకి చూశాను.

“సగమే ఉన్నాయి మావయ్యా,” అన్నాను. “ఇంకో బకెట్టు పట్రండి.”