పట్టపగలు మూసిన కొట్టు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బెజవాడలో రోళ్ళేం ఖర్మ, మనుషులే పగులుతారు. యుద్ధం ముగిసిందని ఊరంతా చెప్పుకుని ఏడాది కావస్తోంది గానీ, ఆ కబురు ఎండకి మాత్రం ఎవరూ చేరవేసినట్టు లేదు. కొండ పొద్దున్నే కాగడం మొదలెట్టి, మధ్యాహ్నానికల్లా పాత ఊరి మీద సెగలు కక్కేది.

రామలింగం బట్టల కొట్టు వాకిలి సరిగ్గా పడమటికి ఉంది. వడగాలి వచ్చేదీ అటునుంచే. కొట్టు వెనక నడవా, నడవాలో నులక మంచం, ఆ మంచం మీద అతని తండ్రి మార్కండేయులు. వడదెబ్బ తగిలి పడిపోయిన మనిషి మళ్ళీ లేవలేదు. వంటింట్లోకి మారుద్దామంటే పొగ, మేడ మీదికి చేర్చుదామంటే రేకుల కప్పు. కొట్టుకీ నడవాకీ మధ్య గోడన్నది లేదు. వీధిలో వేడెంతో ఆయన మంచం దగ్గరా అంతే.

అలాగని రామలింగం చేతులు ముడుచుకు కూర్చున్నాడనుకునేరు. మంచం పక్కన కరెంటు ఫ్యాను పెట్టించాడు. ఫ్యాను మాత్రం ఏం చేస్తుంది పాపం, దాని దగ్గరికొచ్చిన నిప్పుగాలినే తిప్పి ముసలాయన మొహాన కొట్టేది. నడవాకి అడ్డంగా వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే, కడవ దించేలోగా ఎండిపోయేది. పైగా "వీధి కనపడకపోతే నాకు ఊపిరాడదురా, తీసెయ్" అని ముసలాయన గోల.

"కరెంటు మనదీ, విసురుడు వీధికీనా?" అంది అతని భార్య శివపార్వతి. "ఆ ముందు తలుపు మూయందే ఎంత తిప్పినా ఒకటేనండీ."

మిషనాసుపత్రి డాక్టరు మరియదాసుగారూ అదే మాటన్నారు. "రామలింగంగారూ, పొద్దు వాలేదాకా కొట్టు మూసేయండి. నేల తడిపి, అప్పుడు ఫ్యాను వేయండి. ఆయన నిలబడతారు. ఇలా బార్లా తెరిచి కూర్చుంటే మాత్రం నా మందు బూడిదలో పోసినట్టే."

చెప్పడానికేం, తేలికే. ఆ వీధిలో కొట్లకి రెక్కల తలుపులుండవు. గాడిలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టే టేకు పలకలు. తెల్లారి తీస్తారు, దీపాలవేళ పెడతారు. పట్టపగలు పలకలు ఎక్కాయంటే ఆ ఇంట్లో శవం లేచినట్టే లెక్క. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అంతకన్నా పెద్ద అడ్డం మార్కండేయులే. పడుచుతనంలో ఆయన పెడనలో నేసిన చీరలు మూటగట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. మిట్టమధ్యాహ్నం మూసిన తలుపుల ముందు నిలబడి, గుక్కెడు నీళ్ళకి పిలిచి పిలిచి నోరెండిపోయిన మనిషి. కొట్టు పెట్టిన రోజునే గుమ్మం లోపల నీళ్ళకుండ పెట్టించాడు. "ఎండలో వచ్చినవాడికి నా తలుపు ఎదురు చెప్పకూడదు" అన్నాడు. పెద్దమనసే, కాదనం. ఆ మనసే ఇప్పుడు ఆయన్ని కాల్చుకు తింటోంది, అదీ ఖర్మ.

మొదట రామలింగం సగం పలకలు పెట్టి చూశాడు. సగం మూస్తే ఎవరేమంటారులే అనుకున్నాడు, వెర్రిబాగులవాడు! అవతల బట్టలు సర్కారు కంట్రోల్లో, రేషను మీద ఉన్న రోజులాయె. సగం మూసిన బట్టల కొట్టంటే చాటుబేరమని లోకమంతా అనుకునే కాలం. మధ్యాహ్నం తిరక్కుండానే కంట్రోలు ఇన్‌స్పెక్టరు దిగబడ్డాడు. గుడ్డల తానులు ఒక్కొక్కటీ విప్పించి చూశాడు. ఏమీ దొరక్క, "వ్యాపారం బాహాటంగా చేసుకోండి" అని గద్దించి, దగ్గరుండి పలకలన్నీ తీయించి మరీ పోయాడు. ఆ సాయంత్రానికి ముసలాయన మాట ముద్దగా రావడం మొదలైంది.

మర్నాడు రామలింగం తెగించాడు. తండ్రికి కునుకు పట్టగానే పలకలన్నీ ఎక్కించేశాడు. శివపార్వతి నేల తడిపింది. కాసేపటికి ఆ చీకట్లో చల్లదనం అడుగునుంచి లేచింది. ఫ్యాను గాలి మొదటిసారి గాలిలా తగిలింది. ముసలాయన రొప్పు తగ్గి, ఊపిరి నెమ్మదించింది. రామలింగం మంచంకోడుకి ఆనుకుని కూర్చున్నాడు. బతికించుకుంటాను, నాన్నని బతికించుకుంటాననుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతలో బయట గొల్లుమన్నారు.

"అయ్యో బావగారూ! ఎంత పని చేశావయ్యా!" ఎదురింటి వెంకటరత్నమ్మ గుండెలు బాదుకుంటూ పలకల మీద పడింది. ఆవిడ వెనక వీధి వీధంతా కదిలొచ్చింది. ఎదురు కొట్టు కోటిలింగం అప్పటికే ఉత్తరీయం నడుముకి బిగించి, "పాడె వెదుళ్ళకి మనిషిని పంపానోయ్ రామలింగం, నువ్వు ధైర్యంగా ఉండు" అంటున్నాడు.

మార్కండేయులు ఉలిక్కిపడి లేచాడు. "ఎవరే అదీ ఏడుస్తోంది? ఎవరు పోయారు?"

"మీరేనండీ బావగారూ!" అంది వెంకటరత్నమ్మ బయటినుంచి, అలవాటు కొద్దీ జవాబు చెప్పేసి.

నవ్వుకోండి. వీధి కూడా నవ్వింది, విషయం తెలిశాక. కోటిలింగానికి మాత్రం సిగ్గూ కోపమూ కలిసొచ్చాయి. "చల్లదనం కోసం బతికున్న తండ్రికి పీనుగ తలుపు వేస్తావుటోయ్? ఇంకోసారి నీ తలుపు చూసి పరిగెత్తుకొస్తే ఒట్టు!" అని వెదుళ్ళవాణ్ణి వెనక్కి పంపించాడు.

ముసలాయన నవ్వలేదు. కొడుకు మణికట్టు పట్టుకున్నాడు. "తియ్యరా. నా ఊపిరుండగా ఆ పలక గాడిలో పడనివ్వనని నా మీద ఒట్టెయ్."

"నాన్నా, డాక్టరుగారు..."

"ఒట్టెయ్యరా!"

వేశాడు. వెయ్యక ఏం చేస్తాడు? తండ్రి మాట కాదంటే ఆయన్ని అవమానించినట్టు, వింటే చంపుకున్నట్టు. పలకలు ఒక్కొక్కటే తీస్తుంటే అతని చేతులు తన చేతుల్లా లేవు. వడగాలి లోపలికొచ్చి, తడిసిన నేలని చూస్తూండగానే ఆరబెట్టేసింది.

ఆ తర్వాత రామలింగం తండ్రి పక్కన కూర్చుని తడిగుడ్డ అద్దడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. ఎవరో బాటసారి గుమ్మంలోకి వచ్చి, కుండలో నీళ్ళు తాగి, "చల్లగా ఉండండి బాబూ" అని దీవించి పోయేవాడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా ముసలాయన పెదాలు కాస్త విచ్చుకునేవి. అలాంటి ఒక మధ్యాహ్నమే, మొహం వాకిలివైపు తిప్పుకుని, వీధిలోకి చూస్తూ చూస్తూ పోయాడు.

ఇక ఒట్టు లేదు. రామలింగం లేచి, ఆచారం ప్రకారం, పట్టపగలు పలకలన్నీ ఎక్కించాడు. శివపార్వతి ఏడుస్తూ నేల కడిగింది. ఫ్యాను ఆపాలన్న సంగతి ఇద్దరికీ తోచలేదు. నడవా చల్లబడింది. ఆవేళ మరీ చల్లబడింది. ఆ గాలికి తండ్రి నెరిసిన జుట్టు కదులుతుంటే చూడలేక రామలింగం మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఈ చల్లదనం బతికుండగా ఒక్క పూట ఇవ్వలేకపోయానే అని ఏడ్చాడు. శివపార్వతి వచ్చి మామగారి మొహం మీద బట్ట కప్పింది.

ఏడుపులో ఏడుపుగా జనం వచ్చే అలికిడి కోసం చెవొగ్గాడు. పలకలు మూసి చాలాసేపైంది. ఎవరూ రాలేదు. ఎదురింటి గుమ్మంలో వెంకటరత్నమ్మ ఎవరితోనో అంటోంది, "మనకెందుకమ్మా, వాళ్ళు మళ్ళీ చల్లగా పడుకున్నారు."

"ఏమోయ్ రామలింగం!" కోటిలింగం తన కొట్లోంచే కేకేశాడు. "ఎలా ఉంది లోపల? హాయిగా ఉందా?" వీధిలో నలుగురూ నవ్వారు.

రామలింగం జవాబు చెబుదామని నోరు తెరిచాడు. మూసిన పలకల వెనకనుంచి ఏం చెప్పినా ఆ నవ్వుల్లో ఎవరూ నమ్మరనిపించింది. తండ్రి పోయాడని చెప్పుకోవాలంటే ఇక ఒక్కటే దారి. లేచి వెళ్ళి మొదటి పలక పట్టుకున్నాడు. "వద్దండీ, కాసేపు... కాసేపలా చల్లగా ఉండనివ్వండి" అంది శివపార్వతి. అతను పలక ఎత్తి తీశాడు. కాచుకుని ఉన్నట్టు వడగాలి దూసుకొచ్చి, నడవా దాకా పోయి, ముసలాయన మొహం మీద కప్పిన బట్టని ఎగరగొట్టింది. తెరుచుకున్న వాకిలిలోంచి ఆయన మొహం వీధికి కనపడింది.

కోటిలింగం నవ్వు ఆగిపోయింది.