అప్పుడే లేస్తున్నారా?

కొత్త బీరు పీపాకి గొట్టం తగిలించగానే మొదటి నాలుగు గ్లాసులూ ఉట్టి నురగే వస్తుంది. పబ్బు అమ్మినాయన ఆ సంగతి చెప్పలేదు. ఆయన చెప్పినవన్నీ ఈ వ్యాపారం ఎంత తేలికో చెప్పే మాటలే. నేలమాళిగలో కాస్త వేడెక్కితే బీరు పొంగిపోతుందనీ, గొట్టాలు వారం వారం కడగకపోతే పులుపు వాసనేస్తుందనీ, గ్లాసులు కడిగే యంత్రం మూలిగిందంటే మనమూ మూలగాల్సిందేననీ కొన్నాకే తెలిసింది. అయితేనేం, తెరిచిన రోజు ఐదో గ్లాసులో బీరు తేటగా నిండి, పైన రెండు వేళ్ళ మందం నురగ నిలబడేసరికి నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

"వచ్చిందా?" అని మా ఆయన నేలమాళిగలోంచి అరుస్తున్నాడు.

"వచ్చింది, పైకొచ్చి చూడండి."

చిన్నపిల్లాడిలా మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం ఆ గ్లాసు ముందు నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మేసి, ఇద్దరం ఉద్యోగాలు మానేసి కొన్న పబ్బు ఇది. ఇప్పుడు మా కాపురం దీని మేడ మీదే. పర్మిట్టు మాత్రం ఇంకా తాత్కాలికం. ఇన్‌స్పెక్టరు ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చి చూస్తుంది. మధ్యాహ్నం మూడింటికి గంట కొట్టాక పావుగంటలో హాలు ఖాళీ అయిపోవాలి, సాయంత్రం మళ్ళీ తెరుచుకోవచ్చు. ఒక్కడు మిగిలినా అసలు పర్మిట్టు ఇవ్వరు. పర్మిట్టు లేని పబ్బంటే కుర్చీలు పేర్చుకున్న గోదామే.

మా అమ్మ మాతోనే ఉంటుంది. "ఆ పబ్బు కబుర్లు నా దగ్గర చెప్పకండి, తాగేవాళ్ళ మొహం నేను చూడను" అని ముందే తేల్చేసింది. అలా అన్న మనిషి, జనం మాటలు వినబడగానే కిందికి దిగొచ్చింది. పైన టీవీ రావడం లేదట. కిటికీ పక్కన కూర్చుని కాసేపు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. తర్వాత రుమాలు ఒళ్ళోకి జారింది. ఇంకాసేపటికి సగం హాలు వాళ్ళ కష్టసుఖాలు ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి.

హాలు కిటకిటలాడిపోయింది. మా ఆయన నింపుతున్నాడు, నేను అందిస్తున్నాను. ఒకడికి చిల్లర కావాలి, ఒకడికి బాత్రూం ఎక్కడో కావాలి, ఇంకొకడికి నురగ తక్కువ కావాలి. ఎన్ని చేతులున్నా చాలవు. జన్మలో ఇంత సంతోషంగా అలిసిపోలేదు నేను.

మూడింటికి గంట కొట్టాను. గోడలకి రంగులేసే పెయింటరు వెంటనే లేచాడు. బుద్ధిమంతుడు. గ్లాసు కౌంటరు మీద పెట్టి తలుపు వైపు నడిచాడు.

"అప్పుడే లేస్తున్నావా నాయనా?" అంది అమ్మ. "వచ్చి ఎంతసేపైందని? కాసేపు కూర్చో."

అతను కూర్చున్నాడు. అతన్ని చూసి లేవబోయినవాళ్ళంతా కూర్చున్నారు.

అమ్మని అని ఏం లాభం? చుట్టాలు చెప్పులేసుకున్నాక కూడా గుమ్మంలో గంటసేపు నిలబెట్టి మాట్లాడే వంశం మాది. పబ్బు కొనేముందు అద్దాల దగ్గర్నుంచి అగ్గిపెట్టెల దాకా అన్నీ ఆలోచించాం గాని, 'ఇక వెళ్ళండి' అన్న మాటకి మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదని ఆలోచించలేదు. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. కొత్తగా పెళ్ళయిన టైలరు కుర్చీ జరిపితే "ఏంటండీ అంత తొందర?" అని అలవాటుకొద్దీ అనేసి నాలిక్కరుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చంకలో ఫైలు. ముందు గోడగడియారం చూసింది, తర్వాత హాలు చూసింది.

"నిలబడ్డావేం తల్లీ, రా, కూర్చో" అంది అమ్మ.

ఒక్క అంగలో అమ్మ దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాను. "ఆవిడ ఇన్‌స్పెక్టరు. పావుగంటలోపు వీళ్ళంతా వెళ్ళకపోతే పబ్బు పోతుంది, మనం రోడ్డున పడతాం."

"ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా" అంది అమ్మ.

లేచి పెయింటరు దగ్గరికెళ్ళింది. "మొదటి పూత ఆరిపోయుంటుంది నాయనా, రెండోది వెయ్యొద్దూ?" అతను లేచాడు. టైలరు దగ్గరికెళ్ళి, "పెళ్ళై నెల తిరగలేదు, నీకిక్కడేం పని? ఆ పిల్ల తినకుండా కూర్చునుంటుంది" అంది. అతను సిగ్గుపడి లేచాడు. "బడి దగ్గర్నుంచి పిల్లాణ్ణి తెచ్చేది నువ్వేనన్నావు?" అనగానే మెకానిక్కు ఉలిక్కిపడి పరిగెత్తాడు. మిగతావాళ్ళు తమ వంతు రాకముందే కదిలారు. ఆవిడ ఎవర్నీ వెళ్ళమనలేదు. ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పింది, అంతే. నాకు గ్లాసులు ఏరుతూ ఈల వెయ్యాలనిపించింది.

ఒక్కడు మిగిలాడు. మూల బల్ల దగ్గర ముసలి వడ్రంగి.

"అన్నయ్యా, ఇంట్లో చూస్తుంటారేమో" అంది అమ్మ.

"ఎవరూ లేరమ్మా."

"కొడుకో, కూతురో..."

"ఎవరూ లేరు" అన్నాడాయన, ఖాళీ గ్లాసు కేసి చూస్తూ.

అమ్మ ఆ గ్లాసు తియ్యబోయి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. మా ఆయన కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఫైలు తెరిచి పెన్ను మూత తీసింది. ఈ ఒక్కడి వల్ల ఫ్లాటూ ఉద్యోగాలూ అన్నీ నీళ్ళపాలవుతున్నాయి, ఆ ఒక్కణ్ణీ కసరడానికి నాకు నోరు రావడం లేదు. నామీద నాకే ఒళ్ళు మండిపోయింది.

అమ్మ నా వైపు తిరిగింది. "సాయంత్రం ఎన్నింటికి తీస్తారే?"

"ఐదింటికి."

"అయితే అన్నయ్యా, ఐదింటికి నేను చూస్తుంటాను. ఆలస్యం చెయ్యకు."

ఆయన తలెత్తి అమ్మ మొహంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. కాదని నమ్మకం కుదిరాక లేచి, చొక్కా సర్దుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఆలోపే వచ్చేస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసి, ఇంకోసారి గడువు అంచు దాకా తేవద్దని మందలించి, అసలు పర్మిట్టు మీద సంతకం పెట్టింది. ఆవిడ గుమ్మం దాటగానే మా ఆయనా నేనూ చేతులు పట్టుకుని ఎగిరాం. కౌంటరు మీద గ్లాసులు గలగలలాడాయి.

"నువ్వు పైకెళ్ళి కాసేపు నడుం వాల్చమ్మా" అన్నాను.

అమ్మ వినిపించుకోలేదు. కుర్చీ వీధి వైపు తిప్పుకుని కూర్చుంది.